జాతివాచకమూ మందుసీసా

నామవాచకాల పాఠంలో జాతి అంతటికీ చెల్లేది జాతివాచకమనీ, ఒక్కదానికే చెల్లేది సంజ్ఞావాచకమనీ చెప్పి ముగించడం పరిపాటి. మిరప, పత్తి, నది మొదటి కోవలోనివి. గుంటూరు, ప్రకాశం, కృష్ణ రెండవ కోవలోనివి. ఈ నిర్వచనం తప్పు కాదు గాని, చాలదు. ఒకే మాట ఒకచోట జాతినీ, మరొకచోట ఒక్క వస్తువునూ తెలుపవచ్చు. కాబట్టి తేడాను మాట రూపంలో కాక, అది చేసే పనిలో వెదకాలి.

జాతివాచకం లక్షణాలను తెలుపుతుంది. మిరప అనగానే ఒక తీరు మొక్క, కాయ, కారం స్ఫురిస్తాయి. సంజ్ఞ కేవలం ఒక గుర్తు. పతంజలి మహాభాష్యంలో జాతి, గుణ, క్రియా శబ్దాల నుండి యదృచ్ఛా శబ్దాలను, అంటే ఇష్టం వచ్చినట్లు పెట్టుకున్న పేర్లను, వేరు చేశాడు. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో వెలువరించిన తర్కశాస్త్ర గ్రంథంలో ఇటువంటి సిద్ధాంతాన్నే చెప్పాడు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆ పేరు విని అక్కడ వెలుతురు హెచ్చని ఎవరూ అనుకోరు గదా! ఇంగ్లీషులో సంజ్ఞకు పెద్ద అక్షరం ఉన్నది. తెలుగు లిపికి ఆ సౌకర్యం లేదు; సందర్భాన్ని బట్టి వినేవాడే తేల్చుకోవాలి.

మామూలు మాట సంజ్ఞ కావడానికి గుంటూరు సన్నం చక్కని ఉదాహరణ. సన్నం అనేది కాయ ఆకారాన్ని తెలిపే గుణవాచకం; గుంటూరు ఊరి పేరు. రెండూ కలిసి ఒక ప్రత్యేకమైన మిరపకు పేరయినాయి. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం క్రింద ఈ పేరు నమోదయి, రక్షణ పొందింది. జాతిపేరుగా మారిపోయిన పేరును ఆ చట్టం నమోదు చేయదు. ఇంగ్లండులోని చెడ్డార్ అనే ఊరి పేరు నేడు ఎక్కడ తయారైనా ఒక తరహా జున్నుకు చెల్లుతున్నది. ఎక్కడి సన్నకాయనైనా గుంటూరు సన్నమని అమ్మనిస్తే దీనికీ అదే గతి పట్టవచ్చు. వ్యాకరణంలోని తేడా ఇక్కడ రైతు రాబడికి సంబంధించిన తేడా అయినది.

ఎదురు దిశలో నడిచిన మాట ఎండ్రిన్. డీల్స్, ఆల్డర్ అనే ఇద్దరు జర్మన్ రసాయనవేత్తలకు 1950లో నోబెల్ బహుమానం లభించింది. వారి పేర్ల మీదనే డీల్డ్రిన్, ఆల్డ్రిన్ అనే కీటకనాశనులకు పేర్లు వచ్చినవి. డీల్డ్రిన్‌లో ఉన్న పరమాణువులే వేరొక అమరికలో ఉంటే ఎండ్రిన్. ఇది పత్తి చేలకు వచ్చిన తరువాత తెలుగువారి నోట ఎండ్రిన్ అంటే ఏ పురుగుమందైనా సరే అన్నట్లయింది. వనస్పతి నెయ్యి ఏదైనా డాల్డా అయినట్లే ఇదీను. భారతదేశంలో ఎండ్రిన్ నిషిద్ధమయింది. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందంలోని తొలి పన్నెండు రసాయనాలలో అదొకటి. వస్తువు పోయినా మాట నిలిచింది.

డాల్డా విషయంలో ఈ అలవాటు వల్ల నష్టం లేదు. మందు విషయంలో ప్రాణం పోవచ్చు. ఎండ్రిన్ క్లోరిన్ గల సేంద్రియ విషం; నాడులను ఉద్రేకపరచి మూర్ఛలు తెస్తుంది. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మొనోక్రోటోఫాస్ సేంద్రియ భాస్వర విషం. దానికి అట్రోపిన్ ఇస్తారు. విషం సోకిన మనిషిని ఆస్పత్రికి తెచ్చినవారు ఎండ్రిన్ అని మాత్రమే చెబితే వైద్యునికి ఏ విషమో తెలియదు. సీసా వెంట తీసుకువెళ్ళడం అందుకే అవసరం. సీసా మీద కంపెనీ పెట్టిన వ్యాపార నామంతో పాటు రసాయనం సామాన్య నామమూ, విరుగుడూ ఉంటాయి. ప్రాణం కాపాడే సమాచారం ఈ చివరి రెండింటిలో ఉన్నది.

జాతివాచకం మితిమీరి విశాలమైనా చిక్కే. బి.టి. పత్తికి పురుగు రాదన్న వాక్యాన్ని చూడండి. బి.టి. అనేది ఒక సూక్ష్మజీవి శాస్త్రీయ నామానికి పొడి అక్షరాలు. ఆ నామం జర్మనీలోని తురింజియా ప్రాంతం పేరు నుండి వచ్చింది. 2002లో మన దేశంలో అనుమతి పొందిన ఈ పత్తి ముఖ్యంగా కాయతొలుచు పురుగులను ఉద్దేశించినది. 1980వ దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతును కుంగదీసిన తెల్లదోమను అది ఆపదు. కాయతొలిచేవాటిలోనూ గులాబిరంగు పురుగు దానికి తట్టుకొనే శక్తి సంపాదించుకున్నది. ఏ పురుగు అన్న ప్రశ్న వేయకుండా వాక్యాన్ని ఒప్పుకుంటే రైతు మోసపోతాడు.

కావున ఈ పాఠంలో లోపం ఉదాహరణలది. రాముడు, సీత, గోదావరి వంటి మాటలతో పాటు ఖాళీ మందుసీసా మీది అక్షరాలను నల్లబల్ల మీద వ్రాసి, ఇది జాతిపేరా, రసాయనం పేరా, కంపెనీ పేరా అని ఉపాధ్యాయుడు అడిగితే నిర్వచనానికి పని దొరుకుతుంది. సీసాను మాత్రం తరగతికి తేకూడదు. ఖాళీదైనా అందులో విషం మిగిలే ఉంటుంది.