కార్వెట్ పరకాయ ప్రవేశం

పాత కారు అమ్మకానికి పెట్టినవాడు రాసే ప్రకటన కూడా ఒక సాహిత్య ప్రక్రియేనంటే మీరు నవ్వుతారు కాబోలు. నవ్వండి, ఫరవాలేదు. నేను మాత్రం ఈ ప్రకటనల్ని కథలు చదివినట్టే చదువుతాను. వాటిలో నాయిక ఉంది, వర్ణన ఉంది, అతిశయోక్తి ఉంది, చివర ఫలశ్రుతి కూడా ఉంది. ఫలశ్రుతి ఉండాల్సిన చోట ధర ఉంటుంది, అంతే తేడా. కథను విమర్శించే హక్కు పాఠకుడికున్నప్పుడు, కొనే స్తోమతు లేకపోయినా ప్రకటనను విమర్శించే హక్కు నాకెందుకుండకూడదు?

అమెరికాలో ఈ ప్రక్రియకు ఒక కొత్త శాఖ బాగా చిగిర్చింది. దాని పేరు ‘రెస్టోమాడ్’. రెస్టొరేషన్‌లో సగం, మోడిఫికేషన్‌లో సగం విరిచి అతికించిన మాట. పాత స్పోర్ట్స్ కారుకు జీర్ణోద్ధరణ చేస్తూ, ఎలాగూ విప్పాం కదా అని లోపలి సరుకంతా కొత్తది పెట్టెయ్యడమన్నమాట. ఈ పనికి ఎక్కువగా బలయ్యేవాటిలో, లేదా ఎక్కువగా భోగం అనుభవించేవాటిలో (ఏ మాట వాడాలో చివరికి మీరే తేల్చండి), 1963 నాటి షెవర్లే కార్వెట్ స్టింగ్ రే ఒకటి.

దాని ప్రకటన సాధారణంగా ఇలా నడుస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో 1963 అని ఉంటుంది. కింద, 2008 కార్వెట్‌తో వచ్చిన ఎల్.ఎస్.3 రకం ఇంజను, 6.2 లీటర్లు, 430 హార్స్‌పవర్. ఆరు గేర్లు. కొత్తగా కట్టిన ఛాసిస్. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఎ.సి., మెత్తటి తోలు సీట్లు, పాత మీటర్లలాగే కనిపించే కొత్త మీటర్లు. ఆఖరున, ఫ్యాక్టరీలోంచి వచ్చిననాటికన్నా ఇప్పుడే బాగుందని ఓ గట్టి మాట. అంతా చదివాక నాకు కలిగే మొదటి సందేహం చాలా చిన్నది. ఇందులో 1963 ఎక్కడుంది?

సందేహం తీరాలంటే అసలు కథ కొంచెం తెలియాలి. కార్వెట్ పుట్టింది 1953లో. మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో ఆ ఏడాది చేసినవి సరిగ్గా 300. అన్నీ తెల్లవే. ఒళ్ళు ఫైబర్ గ్లాసు. చూడ్డానికి రంభే గాని లోపల ఆరు సిలిండర్ల 150 హార్స్‌పవర్ ఇంజను, రెండే గేర్ల ఆటోమేటిక్. అందం చూసి ఎక్కినవాళ్ళు నడక చూసి దిగారు. 1955లో ఎనిమిది సిలిండర్ల ఇంజను వచ్చాకగాని దానికి పరుగు రాలేదు.

ఆ పరుగు వెనక ఒక మనిషున్నాడు. పేరు జోరా ఆర్కస్ డంటోవ్. 1909లో బ్రసెల్స్‌లో పుట్టి, రష్యాలో పెరిగి, చివరికి అమెరికా చేరినవాడు. 1953లో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో జనరల్ మోటార్స్ వారి ప్రదర్శనలో కార్వెట్‌ను చూసి, ఇంత అందమైన బండికి నేనూ ఏదో చెయ్యాలని కంపెనీకి ఉత్తరం రాసుకున్నాడు. ఆ ఏడే ఉద్యోగంలో చేరాడు.

రెండో మనిషి బిల్ మిచెల్. జనరల్ మోటార్స్ రూపకల్పన విభాగానికి పెద్ద. 1963 స్టింగ్ రే రూపం ఆయన చూపులోంచి, లారీ షినోడా మొదలైనవారి చేతుల్లోంచి వచ్చింది. కార్వెట్‌లో అదే మొదటి కూపే. ముందు దీపాలు గిర్రున తిరిగి లోపలికి దాక్కుంటాయి. ముక్కు దగ్గర మొదలైన గీత నడినెత్తి మీదుగా తోకదాకా వెన్నెముకలాగా సాగుతుంది. ఆ వెన్నెముక వెనక అద్దం మధ్యలోంచి కూడా దిగుతుంది. అందుకే ఆ ఒక్క ఏడాది కార్వెట్ కూపేకు వెనక రెండు అద్దాలు.

ఇక్కడ ఇద్దరు పెద్దమనుషులకూ పేచీ వచ్చింది. అద్దం మధ్య దూలం పెడితే వెనక వచ్చే బండి ఎలా కనిపిస్తుందయ్యా అని డంటోవ్. అది లేకపోతే బొమ్మే లేదని మిచెల్. 1963లో మిచెల్ నెగ్గాడు, 1964లో డంటోవ్ నెగ్గాడు. దూలం పోయి ఒకే అద్దం వచ్చింది. అంటే రెండద్దాల కూపేలు చేసింది ఒక్క ఏడాదే, లెక్కకు 10,594.

డంటోవ్ పంతం అద్దం దగ్గరే ఆగలేదు లెండి. అప్పటిదాకా వెనక ఒకే ఇరుసు. ఇప్పుడు వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటు వచ్చింది. ఖర్చు కలిసిరావడానికి లారీకుండే కమానుకట్టలాంటిదాన్నే అడ్డంగా వేసి సాధించారు. మలుపులో బండి నేలను పట్టుకునే తీరు దానితో మారింది. ఆ కారు రూపం మిచెల్‌దైతే నడక డంటోవ్‌ది.

ఇప్పుడు మళ్ళీ ప్రకటన చదవండి. రూపం ఉంచారు, అద్దాలు రెండూ ఉంచారు, గీత చెక్కు చెదరలేదు. ఇంజను పోయింది, గేర్లు పోయాయి, ఛాసిస్ పోయింది, డంటోవ్ వెనక చక్రాలకు చేసిన ఏర్పాటు పోయింది. అంటే మిచెల్‌ను గుళ్ళో పెట్టి, డంటోవ్‌ను గుమ్మం బయట నిలబెట్టారన్నమాట. చిత్రమేమిటంటే స్పోర్ట్స్ కారనే మాటలో స్పోర్ట్స్ అన్న సగం ఆయనదే!

మనకిది కొత్తేమీ కాదు. పరకాయ ప్రవేశమని మనవాళ్ళు ఎప్పుడో చెప్పుకున్నారు. ఆదిశంకరులు అమరుక మహారాజు కళేబరంలో ప్రవేశించిన కథ మీకు తెలిసిందే. రాజుగారు లేచి కూర్చున్నారు, అదే కిరీటం, అదే మీసం. కాని అంతఃపురానికి అనుమానం వచ్చింది. ఈయన మన రాజుగారిలా లేరే, మునుపటికన్నా మెరుగ్గా ఉన్నారే అని! రెస్టోమాడ్ ఎక్కిన పాతకాలపు కార్వెట్ యజమానికి కూడా సరిగ్గా ఇదే అనుమానం రావాలి. తిప్పగానే స్టార్టవుతుంది, తొక్కగానే ఆగుతుంది. ఇది మన కారేనా?

దీనికి పూర్తిగా ఎదురు పక్షం మరొకటుంది. వాళ్ళు మడి కట్టుకున్నవాళ్ళు. 1974లో వెలసిన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీవారి తీర్పరితనం ప్రసిద్ధం. కారు ఫ్యాక్టరీ గుమ్మం దాటిననాడు ఎలా ఉందో అలా ఉండాలి. ఇంజను మీద పొడిచిన అంకెలు కారు నంబరుతో సరిపోవాలి. రంగు అప్పటికన్నా నున్నగా మెరిసినా మార్కులు పోతాయి. ప్రామాణిక ప్రతి కోసం తాళపత్రాలు వెతికే పండితుడి పట్టుదల ఇది. నాకు గౌరవమే. కాని నడిపితే అరుగుతుందని భయపడి, కారును దుప్పటి కప్పి షెడ్డులో పడుకోబెట్టే భక్తి ఇదే దారిలో వస్తుంది. పరిగెత్తడానికి పుట్టినదాన్ని పరిగెత్తనివ్వకపోవడం కూడా దాన్ని మార్చెయ్యడమే కదా.

పైగా మడివాళ్ళ వాదనకు చరిత్రలోనే గండి ఉంది. 1953 డిసెంబరులో డంటోవ్ పై అధికారులకు ఒక నోటు రాశాడు. కుర్రాళ్ళు బళ్ళు కొని ఊరికే ఉండరు, విప్పి, మార్చి, వేగం పెంచుకుంటారు. వాళ్ళకు కావలసిన సామాను మనమే ఎందుకివ్వకూడదు అన్నది దాని సారం. అంటే మార్చుకోవడమన్నది ఆ కారుకు తరవాత పట్టిన తెగులు కాదు, మొదట్నించీ ఉన్న గుణమే. ఎ.సి. సంగతి చూడండి. రెస్టోమాడ్‌లో ఎ.సి. ఏమిటి అపచారమంటారు. కార్వెట్‌కు ఎ.సి. మొదట ఇచ్చిందే 1963లో. ఆ ఏడు 278 మంది పెట్టించుకున్నారు. డిస్క్ బ్రేకులా? 1963లో డ్రమ్ములే గాని, 1965కల్లా కంపెనీయే నాలుగు చక్రాలకూ డిస్కులు వేసింది. రెండేళ్ళ తరవాత కంపెనీ చేసిన పనిని ఇవాళ ఒక మెకానిక్ చేస్తే మహాపాపమా? ప్రాణం మీదికి వచ్చే చోట పాతదనాన్ని పట్టుకు వేళ్ళాడమని నేను చెప్పను.

ఇంతదాకా వింటే నేను రెస్టోమాడ్ పక్షమే అనిపించవచ్చు. ఆగండి. అసలు గుణపాఠం ఆ రెండద్దాల దగ్గరే ఉంది.

1964లో ఒకే అద్దం కారు వచ్చింది కదా. అది చూసి, 1963 కారు కొన్నవాళ్ళలో కొందరికి తమది పాతబడిపోయినట్టు తోచింది. కొత్తొక వింత, పాతొక రోత! వెంటనే ఆ మధ్య దూలాన్ని కోయించి, కొత్త ఏడాది అద్దం బిగించుకున్నారు. చూపు బాగా ఆనింది, బండి కొత్తదిలా కనిపించింది. ఆనాటి భాషలో అది మెరుగుపరచడమే. వాళ్ళు మూర్ఖులూ కారు, డబ్బు దండగ చేసినవాళ్ళూ కారు. సాక్షాత్తూ డంటోవ్ అభిప్రాయమే వాళ్ళదీ. తీరా కాలం తిరిగి, ఏ దూలాన్ని కోసిపారేశారో దానికోసమే జనం ఎగబడ్డారు. కోయించినవాళ్ళ కార్లకు మళ్ళీ రంపం పెట్టి, నకలు దూలం అతికించి, రెండద్దాలు చేశారు. కోసిందీ మెరుగుకే, అతికించిందీ మెరుగుకే.

నాకు భయమల్లా ఇదే. ఏది అక్కర్లేదో తేల్చడంలో ప్రతి కాలమూ తనకు తెలుసనే అనుకుంటుంది. ఇవాళ ప్రకటనలో గర్వంగా తీసేశామని చెప్పుకునే ఆ పాత ఇంజను, ఆ కమానుకట్ట, రేపు ఎవరి కంట కన్నీళ్ళు పెట్టిస్తాయో ఎవరికి తెలుసు?

మరి తీర్పేమిటంటారా? దాన్ని కార్వెట్ మ్యూజియమే చెప్పింది. అది కెంటకీ రాష్ట్రం బౌలింగ్ గ్రీన్‌లో ఉంది. 1996లో పోయిన డంటోవ్ చితాభస్మం కూడా అక్కడే ఉంది. 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున ఆ మ్యూజియం లోపల నేల కుంగి, గొయ్యి పడి, ఎనిమిది కార్వెట్లను మింగేసింది. పైకి తీశాక ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. మూడింటిని బాగుచేశారు. అయిదింటిని నలిగినవి నలిగినట్టే ఉంచేశారు. బాగుచేసినవాటిలో ఒకటి 1992లో తయారైన పదిలక్షలో కార్వెట్. దాన్ని కట్టిన కార్మికులు భాగాల మీద సంతకాలు చేశారు. కనక బాగుచేసేవాళ్ళు, ఎలాగూ విప్పాం కదా అని కొత్త భాగాలు వేసెయ్యకుండా, ఆ సంతకాలు నిలబెట్టడానికి పాట్లు పడ్డారు. ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు అన్న వివేకమంటే అది.

మన ‘మాయాబజార్’ సంగతే తీసుకోండి. 1957 నాటి నలుపు తెలుపుల సినిమాకు 2010లో రంగులద్దారు. నచ్చినవాళ్ళు చూశారు, నచ్చనివాళ్ళు పెదవి విరిచారు. కాని పాత నలుపు తెలుపుల బొమ్మ చెరిగిపోలేదు. కావాలంటే ఇప్పటికీ చూడవచ్చు. శంకరుల కథలోనూ అసలు కిటుకు ఇదే. ఆయన రాజు శరీరంలో ఉన్నన్నాళ్ళూ శిష్యులు గుహలో ఆయన సొంత శరీరానికి కాపలా కాశారు. తిరిగి వచ్చే దారి ఉన్నంతకాలం పరకాయ ప్రవేశం విద్యే. ఆ దారి మూసేస్తే మటుకు అది మరణమే.

అందుకని ఆ ప్రకటన రాసేవారికి విమర్శకుడిగా నా సలహా కొద్దిగానే. పైన పెద్దగా 1963 అని వేసినప్పుడు, రూపం 1963, ప్రాణం 2008 అని రెండూ ఒకే సైజు అక్షరాల్లో వెయ్యండి. 250 హార్స్‌పవర్ నుంచి 430కి పెంచామని పోల్చేటప్పుడు, 1972కు ముందు అమెరికన్ కంపెనీలు ఉత్త ఇంజనును బల్లమీద నడిపి ఉదారంగా కొలిచేవని, తరవాతి లెక్క వేరని ఒక ముక్క చెప్పండి. చెబితే మీ కారు గొప్పే పెరుగుతుంది గాని తగ్గదు. ఫ్యాక్టరీకన్నా బాగుందన్న వాక్యం కొట్టెయ్యండి. ఫ్యాక్టరీవాళ్ళు ఏమీ లేనిచోట మొదలుపెట్టారు, మీరు వాళ్ళు చేసినదాని మీద మొదలుపెట్టారు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పాత ఇంజనూ గేరుపెట్టే ఏమయ్యాయో ఒక్క వాక్యం రాయండి. పెట్టెలో కట్టి కారుతోపాటే ఇస్తున్నామని రాస్తే, నా దగ్గర అంత డబ్బు లేకపోయినా మీ ప్రకటనకు మంచి మార్కులు వేస్తాను. పాత ఇనప కొట్టుకు తూకానికి వేశామంటే మాత్రం, కారు ఎంత తళతళలాడినా, మీరు రాసింది అమ్మకం ప్రకటన కాదు, చావు కబురు.