ఘంటసాల పద్యగానము : అక్షరవ్యక్తి

పాణినీయశిక్ష యధమపాఠకులను లెక్కించుచు గీతిని, అనఁగాఁ బాడుచుఁ జదువువానిని, మొదటనే చేర్చినది. దీనిని బట్టి పద్యమును రాగముతోఁ జదువుటయే దోషమని కొందఱు తలంతురు. అట్లయినచో 1974లో దివంగతుఁడైన ఘంటసాల వేంకటేశ్వరరావు పద్యములు కృష్ణాతీరగ్రామములందు నేఁటికిని వినఁబడుటకుఁ గారణమేమి? ఆయన గాయకుఁడే కాని పాఠకుఁడు కాఁడని త్రోసివేయుట సులభము. కాని యా శిక్షయే యుత్తమపాఠకుని గుణములలో మాధుర్యమును, సుస్వరమును జెప్పి, వానితోఁ బాటు అక్షరవ్యక్తిని, బదచ్ఛేదమును జెప్పినది. కావున నిషిద్ధమైనది స్వరము కాదు. స్వరము వర్ణమును మ్రింగుట.

ఆయన 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ సమీపమునందలి చౌటపల్లిలో జన్మించెను. తండ్రి సూర్యనారాయణ తరంగములను బాడువాఁడు. నారాయణతీర్థుల తరంగములు సంస్కృతరచనలు. బాల్యముననే చెవిఁ బడిన యా సమాసముల నడక పిమ్మట శ్లోకగానమున నక్కఱకు వచ్చిన దనుట యూహయే యైనను నిరాధారము గాదు. విజయనగరమునఁ బట్టుదలతో సంగీతము నభ్యసించెను. అచట గురువు పట్రాయని సీతారామశాస్త్రి. (ఇంటిపేరైన ఘంటసాల కృష్ణాజిల్లాలోని గ్రామమే. దానిని ఘంటాశాల యని సాధింపఁ బూనుట వ్యర్థశ్రమ. ప్రాచీనశాసనమునందలి రూపము కంటకసేల.)

ఈ మండలమున రంగస్థలపద్యమునకు వేఱొక సంప్రదాయము కలదు. తిరుపతివేంకటకవుల పాండవోద్యోగవిజయములను బాడునపుడు నటులు పద్యాంతమందలి యచ్చును బట్టుకొని దీర్ఘముగా రాగము తీయుదురు. సభ వన్స్‌మోర్ అని కేకలు వేయును. దీనిని బరిహసించుట న్యాయము గాదు. ధ్వనివర్ధకము లేని దినములలోఁ గడపటి వరుసకు గొంతు చేరవలెను గదా! చలనచిత్రమున యంత్రము గొంతునకు సమీపించుటచే నా యవసరము తీఱినది. అవసరము తీఱిన వెనుక నలవాటును విడుచుట యందఱకును జేతఁ గాలేదు. ఘంటసాల విడిచెను. ఆయన యాలాపము హ్రస్వము. భావము నందించి తొలఁగిపోవును.

ముఖ్యవిషయము పదచ్ఛేదము. సంస్కృతచ్ఛందమున యతి విరామము; తెలుఁగున నది యక్షరమైత్రి. ఉత్పలమాలలోఁ బదియవ యక్షరముకడఁ జదువరి యాఁగవలసిన పని లేదు; పదము దానిని దాఁటవచ్చును, పాదాంతమును గూడ దాఁటవచ్చును. ఈ భేదము నెఱుఁగక యతికడను, బాదాంతమునను నిలిచి పదమును రెండుగాఁ ద్రుంచువారు పాఠశాలలందును గలరు. జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపమును బరిశీలింపుఁడు. పూవులు కోయఁబోయినవాని యనుభవమును జెప్పు నుత్పలమాలలో మొదటి మూఁడు పాదములును వాక్యమధ్యముననే ముగియును. ఒకచోటఁ బదమే చీలును. ఘంటసాల యా చీలికను గానరానీయఁడు. అన్వయము ముగిసినచోట నాఁగును, లేనిచోట సాగును. వినువాఁడు ఛందస్సు నెఱుఁగకున్నను నర్థము తడఁబడదు. ఇది గానవిద్యచే మాత్రమే లభించునది కాదు, అన్వయజ్ఞానము కావలెను.

వర్ణోచ్చారణమును గూర్చి విస్తరింప నక్కఱలేదు. శషసలు నోటఁ గలసిపోవుచున్న కాలమిది. మహాప్రాణములకు లిపిలోఁ దప్ప నునికి సన్నగిలుచున్నది. పద్యమును వల్లెవేయించుట బడులలోఁ దగ్గుటచేఁ బెక్కుమంది తెలుఁగువారు సరిగాఁ బలికిన పద్యమును మొదట విన్నది యీ గాయకుని కంఠమునందే. ఉపాధ్యాయుఁడు చేయవలసిన పనిని గానముద్రిక చేసినది. ఇది యాయనకుఁ గీర్తియే, పండితవర్గమునకుఁ గాదు.

ఆయన తుదిదినములలోఁ బాడిన భగవద్గీతయం దొక కొఱఁత కలదు. ఏడువందల శ్లోకములనుండి కొన్నిటిని మాత్రమే యేఱి, వానికిఁ దెలుఁగు తాత్పర్యమును జేర్చుటచే సంవాదధార తెగుచుండును. తాత్పర్యము లేనిచో సామాన్యుఁడు వినఁడనుట నిజమే. కాని సంస్కృతశ్లోకములందు సంధులను సమాసములను విఱువక పలికిన తీరు విద్యార్థులకు వినిపింపఁదగినది. విజయవాడవంటి పట్టణములలో నిపుడా గానము శవయాత్రలయందే తఱచుగా వినఁబడుచున్నది. అందుచే శుభగృహములం దది పొరపాటున మొదలైనచోఁ బెద్దలు వెంటనే కట్టివేయింతురు. యుద్ధము సేయుమని ప్రబోధించిన గ్రంథమునకు, దానిని స్పష్టముగాఁ బలికిన కంఠమునకు నీ గతి యేల పట్టవలెను?