కణాల ఆకలి తెలిసిన చెయ్యి

పరిశోధన పత్రాల్లో ‘కణాలను పెంచాం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క వెనకున్న పనితనం దగ్గర నుంచి చూడాల్సిందే. 37 డిగ్రీల వెచ్చదనం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లోంచి ఫ్లాస్కు తీసి వెలుతురుకెత్తి చూస్తారు. ఎర్రగా ఉండాల్సిన మీడియం, అంటే కణాలను పెంచే పోషక ద్రవం, పసుపుకు తిరిగిందంటే ఆమ్లం పెరిగినట్టే, మార్చాలి. ఇక్కడ పెంచేది నాడీ మూలకణాలను; అవి అందులో చిన్న చిన్న ఉండలు కట్టి తేలుతుంటాయి. ఉండ మరీ పెద్దదైతే నడిమధ్యకు ఆక్సిజన్ అందక నల్లబడుతుంది, ఆలోపే విడగొట్టాలి. పిపెట్‌తో పీల్చడం, వదలడం, అంతే. కానీ బుడగ రాకూడదు, విసురు తగలకూడదు. నురగ కోసం కాఫీ తిరగబోసే నేర్పుకు ఇది సరిగ్గా తలకిందులు.

అసలు ముచ్చట సంకేతాలది. ఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్-2 అనే ప్రోటీన్లు మిల్లీలీటరుకు సుమారు 20 నానోగ్రాములు అందుతున్నంతకాలం కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. అవి ఆపేసి, ల్యామినిన్ పూసిన గాజుపలక మీద పరిస్తే కొన్ని సన్నటి కొమ్మలు చాచి న్యూరాన్లవుతాయి, కొన్ని న్యూరాన్లకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లవుతాయి. సీరం కలిపితే మొగ్గు ఆస్ట్రోసైట్ల వైపే. ఇరుగుపొరుగు కణాలు నాచ్ అనే గ్రాహకం ద్వారా ‘న్యూరాన్ కావడానికి నువ్వింకా ఆగు’ అని ఒకదాన్నొకటి నిలువరించుకుంటాయి కూడా. అందుకే ఎంత ఒత్తుగా పరచాలన్నదీ లెక్కే. కణాల ఆకలికి సెలవుల్లేవు కనుక పండగపూటా ఎవరో ఒకరు గ్లవుజులు తొడుక్కుని మీడియం మార్చాల్సిందే. జికా వైరస్ ఇలాంటి ఉండల ఎదుగుదలను దెబ్బతీస్తుందని 2016లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు చూపగలిగింది ఈ ఓపిక వల్లే.