బహుమతి రాని నోలా

న్యూజిలాండ్ రచయిత్రి జానెట్ ఫ్రేమ్ పేరెత్తగానే, స్త్రీల ఆత్మకథల మీద పనిచేసే మావంటి వాళ్లం ముందుగా ఒకే సంఘటన చెప్పుకుంటాం. ఆమెకి స్కిజోఫ్రీనియా అని 1945లో డాక్టర్లు తేల్చారు. తర్వాతి ఎనిమిదేళ్లలో చాలా భాగం మానసిక చికిత్సాలయాల్లోనే గడిచింది. 200 సార్లకు పైగా కరెంటు షాకులిచ్చారు. చివరికి మెదడుకి ఆపరేషన్ చెయ్యాలనుకుని తల్లి చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. అంతలో ఆమె మొదటి కథల సంపుటికి బహుమతి వచ్చింది. పేపర్లో ఆ వార్త చూసిన సూపరింటెండెంటు ఆపరేషన్ ఆపించాడు. సాహిత్యం ఒక స్త్రీని కాపాడిందని మనం సంతోషిస్తాం.

నాకు మాత్రం ఈ ముగింపు చాలదనిపిస్తుంది.

అసలు ఆమెకా పేరు ఎలా అంటుకుంది? టీచరుగా శిక్షణలో ఉండగా ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు తరగతి వదిలి వెళ్లిపోయింది. తర్వాత ఆస్పిరిన్ మాత్రలు మింగింది. సైకాలజీ క్లాసుకి రాసిచ్చిన స్వీయకథలో ఆ సంగతి చెప్పుకుంది. ఆ కాగితాలే ఆమెని ఆసుపత్రికి చేర్చాయి. పేదరికం, నీళ్లలో మునిగి చనిపోయిన అక్క, పుచ్చిపోయిన పళ్లు కనబడతాయేమోనన్న సిగ్గు - ఇవన్నీ ఒక్క రోగనామం కింద కప్పడిపోయాయి.

స్కిజోఫ్రీనియాని ఈనాటికీ రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో నిర్ధారించలేరు. ఎవరూ లేకుండా మాటలు వినిపించటం, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మటం, మాటకీ మాటకీ పొంతన లేకపోవటం, దేనిమీదా ఆసక్తి లేక ముడుచుకుపోవటం - ఇలాంటి లక్షణాలు ఎంతకాలం ఉన్నాయో చూసి, విని, తేల్చాల్సిందే. అంటే డాక్టరు కూడా ఒక పాఠకుడే. ఆడపిల్ల మౌనాన్ని అతను ఏ కళ్లతో చదువుతాడన్నది మనం అడగవలసిన ప్రశ్న.

కారణాలు వెతికినప్పుడూ నింద ఆడవాళ్ల మీదికే వచ్చింది. తల్లి తీరు వల్లే బిడ్డకి ఈ జబ్బు వస్తుందనే అర్థమిచ్చే మాటని 1948లో ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అనే వైద్యురాలే వాడింది. దశాబ్దాల పాటు తల్లులు ఆ నింద మోశారు. ఇవాళ శాస్త్రం అనేక జన్యువుల గురించి, గర్భంలో ఉన్నప్పటి ఇబ్బందుల గురించి, చిన్ననాటి హింస గురించి, గంజాయి గురించి మాట్లాడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ పూర్తి కారణం కాదంటుంది.

1957లో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు ఫ్రేమ్‌కి స్కిజోఫ్రీనియా ఏనాడూ లేదని తేల్చారు. ఆ పేరు పోయినప్పుడు ఊరటతో పాటు దిక్కుతోచనితనాన్ని కూడా ఆమె తన ఆత్మకథ మూడో భాగంలో రాసింది. జబ్బు పేరు లేకపోతే సాయం అడిగే హక్కు ఎక్కణ్ణించి వస్తుంది?

మన విమర్శకి పరీక్ష ఇక్కడే. 'ఆమెకి జబ్బు లేదు' అన్న దగ్గర ఆగిపోతే, నిజంగా జబ్బున్న స్త్రీలని ఆ వార్డులోనే వదిలేసినట్టవుతుంది. 'పిచ్చి'ని తిరుగుబాటుకి ప్రతీకగా చదవటం మనకి అలవాటే. కానీ ప్రతీకకి రాత్రుళ్లు నిద్ర పట్టకపోవటం ఉండదు, మందుల మత్తు ఉండదు. ఫ్రేమ్ ఈ సంగతి మరిచిపోలేదు. తనతో పాటు ఆసుపత్రిలో ఉన్న నోలాకి బహుమతి రాలేదని, పేరు పేపర్లో పడలేదని, ఆపరేషన్ జరిగిపోయిందని 'యాన్ ఏంజెల్ ఎట్ మై టేబుల్'లో చెప్పింది. 1961లో వచ్చిన నవల 'ఫేసెస్ ఇన్ ద వాటర్' నిండా ఉన్నది నోలా వంటి వాళ్లే.

ఈ ప్రశ్న మన ఇళ్లకీ చెందినదే. హిందూ వివాహ చట్టంలో విడాకులకి కారణమయ్యే మానసిక రుగ్మతల వివరణలో స్కిజోఫ్రీనియా పేరు ఉంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు మీద ఒక భర్త వేసిన అప్పీలులో, జబ్బు పేరు చెప్పినంత మాత్రాన విడాకులు రావని, దాని తీవ్రత చూడాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పు. అయితే ఆ భార్య ప్రభుత్వ వైద్యురాలు. ఆమె చదువు, ఉద్యోగం కోర్టు లెక్కలోకి వచ్చాయి. డిగ్రీ లేని, ఉద్యోగం లేని, జబ్బు మాత్రం నిజంగా ఉన్న భార్య దేన్ని సాక్ష్యంగా చూపించాలి?

రాయగలిగింది కాబట్టి ఫ్రేమ్ బతికింది. రాయలేని నోలాకీ అంతే హక్కు ఉందని చెప్పలేకపోతే, మన చదువు ఆ సూపరింటెండెంటు చదివిన వార్త దగ్గరే ఆగిపోయినట్టు.