వంశవృక్షాల వేళ్లు

ప్రబంధాల అవతారికలలోని రాజవంశ వర్ణనను మనవారు రెండు విధాలుగా చదువుతున్నారు. సంప్రదాయ పండితులు దానిని చరిత్రగా స్వీకరించి తారీఖులు సరిచూచుకుంటారు. అభ్యుదయ మిత్రులలో కొందరు భట్రాజు పొగడ్తలని తోసివేసి నేరుగా కథలోకి పోతారు. ఈ రెండు పద్ధతులలోను లోపం వున్నదని నా అభిప్రాయం. వంశావళి అబద్ధమాడిన చోట కూడా ఒక నిజం దొరుకుతుంది. ఆ అబద్ధం ఎప్పుడు, ఎవరికి, ఎందుకు అవసరమైనదనేదే ఆ నిజం.

మనుచరిత్రనే తీసుకుందాం. పెద్దన కృష్ణదేవరాయల వంశాన్ని చంద్రుని నుండి ఎత్తుకున్నాడు. బుధుడు, పురూరవుడు, నహుషుడు, యయాతి, తుర్వసుడు వరసగా వస్తారు. ఆ పైన తిమ్మరాజు, ఈశ్వరరాజు, నరసరాజు వస్తారు. తుర్వసునికీ తిమ్మరాజుకూ మధ్య ఎన్ని యుగాల ఖాళీ వున్నదో ఏ పద్యమూ లెక్క చెప్పదు. నరసరాజు సాళువ ప్రభువుల కొలువులో పైకి వచ్చిన సేనాని. కత్తితో సంపాదించిన సింహాసనానికి రెండు తరాల క్రితపు ఆధారం చాలదు. ఆ కొరతను పూరించేందుకు చంద్రుడు కావలసి వచ్చినాడు. ఆ పద్యాలనే రాయలు తన ఆముక్తమాల్యదలోకి తీసుకున్నాడంటే అవి ఎంత పనికివచ్చే వస్తువులో ఊహించవచ్చును.

ప్రభువులందరికీ అన్ని వేళలా ఇటువంటి అవసరం కలగలేదు. కాకతీయుల కాలపు సామంత శాసనాలు కొన్ని వారిని చతుర్థకులజులని జంకు లేకుండా చెప్పినవి. కొండవీటి రెడ్డి రాజుల శాసనాలు తమ కులం విష్ణుపాదం నుండి పుట్టినదనీ, గంగ జన్మించినది కూడా అక్కడేననీ సగర్వంగా చాటినవి. కాని తీరాంధ్రం గణపతిదేవుని వశమైన తర్వాత, 1244లో, దేశాంతర వర్తకులకు అభయమిస్తూ వేయించిన మోటుపల్లి శాసనంలో ఆ కాకతీయులే సూర్యవంశీయులైనారు. శ్రీరాముడు, కరికాల చోళుడు వారికి పూర్వీకులైనారు. ఇంతలో నెత్తురు మారలేదు. రాజ్యం విస్తీర్ణం మారినది. సూర్యచంద్రులకు మన చరిత్రలో పని కలిగినది ఇటువంటి సందర్భాలలోనే.

ఇక బిరుదుల సంగతి. విజయనగరం పూసపాటి వారి పూర్తి పేరులో గజపతి వున్నది, మీర్జా వున్నది, మన్నె సుల్తాన్ బహదూర్ వున్నది. ఆనంద గజపతి కాలానికి సర్ కూడా చేరినది. గజపతి ఒకప్పటి ఒడిశా ప్రభువుల బిరుదు. మీర్జా, సుల్తాన్ అన్నవి ముస్లిం ప్రభుత్వాల భాష. సర్ ఇంగ్లీషు రాణి దయ. పై ప్రభువు మారినప్పుడల్లా ఒక మాట చేరినది, పాతది మాత్రం పోలేదు. శౌర్యానికి గుర్తులుగా వందిమాగధులు చదివిన ఈ మాటలు ఎవరెవరికి విధేయులమో తెలిపే రశీదులు కూడా.

1802లో కుంఫిణీ ప్రభుత్వం శాశ్వత పైసలా చేసి జమీందార్లకు సనదులు ఇచ్చిన పిమ్మట వంశావళి పద్యం నుండి దస్తావేజులోకి దిగినది. ఆస్తి విభజన కారాదు, ఒక్క వారసునికే దక్కాలి అన్న ఆచారాన్ని 1904 మద్రాసు చట్టం ఖాయపరచినది. జ్యేష్ఠుడెవరు, దత్తత చెల్లునా అన్న ప్రశ్నలను కవులకు బదులు ప్లీడర్లు తేల్చసాగారు. 1897లో కన్యాశుల్కం తొలి ముద్రణ ఆనంద గజపతికి అంకితమైనది. ఆ యేడే ఆయన మరణించగా, దత్తతపై పెద్ద వ్యాజ్యం నడిచినది. రీవా మహారాణి వద్ద ఉద్యోగిగా వున్న గురజాడ ఆ వ్యాజ్యపు కాగితాలతో యేళ్ల తరబడి కుస్తీపట్టవలసి వచ్చినది. ఒక కాగితం నెగ్గితే కొడుకు, ఓడితే పరాయివాడు! వంశమంటే రక్తమా, ఆస్తా అన్న సందేహాన్ని ఆ కోర్టులే తీర్చివేసినవి.

అయితే నేను ముఖ్యంగా చెప్పదలచినది మరొకటి. వెంకటగిరి వెలుగోటి వారి వంశచరిత్రలో ఒక ఐతిహ్యం వున్నది. మూలపురుషుడైన చెవిరెడ్డికి పొలం దున్నుతుండగా నిధి కనబడినదట. దానికి నరబలి కావాలని వాణి పలికినదట. అతని మాల సేవకుడు రేచడు తానే సిద్ధపడి రెండు కోరికలు కోరినాడట. ఆ వంశం తన పేర రేచెర్ల గోత్రం ధరించాలి. ఆ ఇంట పెళ్లి జరిగినప్పుడల్లా ముందుగా ఒక మాలవారి పెళ్లి జరిపించాలి.

ఇది జరిగినదని నేను వాదించను. కాని దీనిని నిలిపి వుంచినది శత్రువులు కారు, ఆ వంశమే. తన భాగ్యం ఒక సేవకుని ప్రాణంతో మొదలైనదని గోత్రంలోనే ఒప్పుకున్నది. తరతరాల వెట్టిని త్యాగమనే అందమైన మాటతో కప్పినది. గోత్రానికి అతని పేరు దక్కినది, నిధి మాత్రం దక్కలేదు. రేచనికి పిల్లలున్నారా, వారేమైనారు అన్నది ఈ కథ అడగదు. మన విమర్శ అడగవలసిన ప్రశ్న అదే.

1948లో మద్రాసు రాష్ట్రపు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినది. 1949లో హైదరాబాదు జాగీర్లు పోయినవి. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను నిషేధించినది. 1971లో రాజభరణాలు రద్దయినవి. కాని వంశావళి అనే రూపం చావలేదు. నేడు ఒక్కొక్క కులం తన వంశచరిత్రను అచ్చువేసుకొని ఏదో ఒక రాజవంశంతో ముడిపెట్టుకుంటున్నది. అవమానాలు పడినవారికి గౌరవం కావాలన్న ఆరాటం న్యాయమైనదే. కాని రాజుకు పుట్టినవాడే గౌరవనీయుడని ఒప్పుకుంటే, నాగలి పట్టిన తన తాతను తానే చిన్నబుచ్చినట్లు కాదా?

కాబట్టి అవతారికలను పాఠ్యప్రణాళిక నుండి తొలగించమని నేను అనను. వాటిని వదలక చదివించాలి. ప్రతి వంశావళి దగ్గరా మూడు ప్రశ్నలు వేయించాలి: ఏ తరాలు ఎగిరిపోయినవి? ఏ భూమిపై హక్కు కోసం ఇది వ్రాయబడినది? కొడుకుల పేర్ల నడుమ కూతుళ్ల పేర్లు, నిధి తవ్విన చేతుల పేర్లు ఎక్కడ? ఈ ప్రశ్నలు వేయనేర్చిన విద్యార్థికి మనుచరిత్ర రుచి తగ్గదు. రేచని పేరు మాత్రం గోత్రాల జాబితా దాటి చరిత్రలోకి వస్తుంది.