కిటికీ గట్టు మీద గునుగు

బతుకమ్మ పేర్చగా మిగిలిన పూలను మరునాడు ఊడ్చి పారేస్తారు. కరీంనగర్‌లో మా అక్క పని అక్కడే మొదలవుతుంది. ఆమెకు వారానికి మూడు రోజులు డయాలసిస్. మెషీన్ మీద నాలుగు గంటలు, రాకపోకలు, ఇంటికొచ్చాక నీరసం. ఆ రోజుల్లో ఫోన్ ముట్టదు. మిగిలిన పొద్దుల్లో ఉత్తరపు కిటికీ పక్కన కూర్చుని, వాడుతున్న పూలను ఫొటోలు తీస్తుంది. ఆ ఫొటోలు ఎందుకంత బాగుంటాయో తెలియాలంటే ఆ పనిని దగ్గర కూర్చుని చూడాలి.

ముందు పూల సంగతి. అన్నీ ఒకే తీరుగా వాడవు. రేకును నిలబెట్టేది కణాల్లోని నీటి ఒత్తిడి. అది తగ్గగానే తంగేడు మెత్తబడి, అంచులు ముడుచుకుంటుంది. పసుపు మీద నారింజ ఈనెలు ముదిరి తేలతాయి. బంతిని ఒక పువ్వంటాం గానీ అది ఎన్నో చిన్న పూల గుంపు. అంచు వరసలు ముందు వాడతాయి, నడుమ తడి చాలా సేపు నిలుస్తుంది. గుమ్మడి పువ్వుకు ఒక పూటే ఆయుష్షు.

గునుగు లెక్కే వేరు. ఆదిలాబాద్ పత్తి చేలల్లోనూ గట్ల మీదా కలుపుగా మొలిచే ఈ మొక్క పువ్వు, విచ్చినప్పుడే పొడిగా ఉంటుంది. ఒక్కో చిన్న పువ్వుకు అయిదు రేకులు, పలచగా, కాగితంలా గరగరలాడుతూ. నీటి బలం మీద నిలిచిన కట్టడం కాదు గనుక నీరు పోయినా ఆకారం చెడదు. కంకి కింది నుంచి పైకి పూస్తుంది. కొన ఇంకా గులాబీ రంగులో ఉండగానే అడుగు వెండి తెలుపుకు తిరుగుతుంది. ఒకే కంకిలో మొగ్గ, పువ్వు, గింజ మూడూ దొరుకుతాయన్నమాట. ఎండిన అడుగును గోటితో కదిలిస్తే చిట్టి కాయల మూతలు ఊడి, నల్లగా మెరిసే గింజలు రాలతాయి. తెల్ల కాగితం మీద పడ్డ ఆ గింజల ఫొటో నాకు అన్నిటికన్నా ఇష్టం. ప్రతి గింజ మీదా కిటికీ వెలుగు ఒక చుక్కగా నిలిచి ఉంటుంది.

అక్క ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. సూదుల కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటది, ఆ చేత్తో బరువెత్తకూడదు. అందుకే సామానంతా తేలికది: ఖాళీ ఇంజెక్షన్ సీసా, వెనక పలక, కిటికీకి ఎదురుగా తెల్ల అట్ట, చిన్న స్టాండులో ఫోన్. సీసా ఇరుకు మూతి కాడను నిటారుగా పట్టుకుంటుంది. అట్టను జానెడు జరిపితే నీడ చిక్కదనం మారుతుంది. ఎక్కువ సమయం ఆ జరపడానికే పోతుంది. ట్యూబ్‌లైటు, ఫ్యాను ఆపేస్తుంది. ఫోన్ తెర మీది పువ్వుపై వేలు నొక్కిపట్టి ఫోకస్‌ను లాక్ చేసి, వేలిని కిందికి జరిపి వెలుతురు తగ్గిస్తుంది. తంగేడుకు ఇది తప్పనిసరి, లేకుంటే పసుపు ముద్దయి ఈనెలు మాయమవుతాయి. గునుగుకైతే పలక తీసేసి, సీసాను కిటికీకీ ఫోన్‌కూ మధ్య పెడుతుంది. వెలుగు వెనక నుంచి ఆ పొరల గుండా వడకట్టుకుని వస్తుంది. చివరగా టైమర్, వేలి అదురు ఫొటోకు తగలకుండా.

డాక్టరు చెప్పిన కొలతకే నీళ్లు తాగే మనిషి, పూలకూ కొలిచే పోస్తుంది. బంతికి మూతెడు, గునుగుకు చుక్క కూడా వద్దు. ఏది ఎప్పటికి వాడుతుందో తెలుసు కాబట్టి తంగేడును మొదటి పొద్దునే తీస్తుంది, డయాలసిస్ అయిన మరునాడు బంతిని పడుతుంది, గునుగును అన్నిటికీ చివర ఉంచుతుంది. ఆస్పత్రి తేదీలకూ పూల ఆయుష్షుకూ పొత్తు కుదిర్చిన ఈ లెక్కే ఆమె పనితనంలో అసలు గొప్పదని నా నమ్మకం.

ఒంటి ఇబ్బందితోనే కెమెరా పట్టినవాళ్లు ముందూ ఉన్నారు. వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ ఏళ్ల తరబడి క్యాన్సర్‌తో పోరాడుతూనే బతుకమ్మనూ తెలంగాణ పల్లెనూ ఫొటోల్లో నిలిపారు. 2022 జనవరి చివర్లో కన్నుమూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్న ఫొటోగ్రాఫర్ జోసెఫ్ సుడెక్, 1940 నుంచి ఏళ్ల పాటు ప్రాగ్‌లోని తన స్టూడియో కిటికీని, దాని గట్టు మీది గ్లాసునూ పువ్వునూ తీశారు. అక్క ఆ దారిలోనే ఉంది.

వాడిన పూలను తీయాలనుకునేవాళ్లు గునుగుతో మొదలుపెట్టండి. పైసా ఖర్చు లేదు, మీకు ఒంట్లో ఓపిక వచ్చేదాకా ఆగుతుంది.