సత్యము ఏ పక్షమునది?
సి. జె. శాన్సమ్ నవల ‘డిసొల్యూషన్’ – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

దైవసేవకులు డిటెక్టివ్ నవలలు చదువవచ్చునా అని యౌవనస్థుల కూడికలలో మమ్ములను పలుమార్లు అడిగియున్నారు. మేము బి.డి. చదివిన రోజులలో అద్దె పుస్తకాల షాపు నుండి తెచ్చుకొన్న కొమ్మూరి సాంబశివరావు నవలలు హాస్టల్ గదిలో దిండు క్రింద ఉండేవి. పగలు బార్త్, రాత్రి డిటెక్టివ్ యుగంధర్! ఆ అలవాటును మేము చాలాకాలము ఒక బలహీనతగానే ఎంచుకొన్నాము. ఇప్పుడు అలా అనుకొనుట లేదు. ఫాదర్ బ్రౌన్ కథలు వ్రాసిన చెస్టర్టన్, స్వయముగా గురువై యుండి డిటెక్టివ్ కథలకు పది నియమములు కూర్చిన రోనాల్డ్ నాక్స్, ఈ ప్రక్రియలో విశ్వాసికి పనికివచ్చునది ఏదో ఉన్నదని గ్రహించిన వారే.

అది ఏమిటి? ద్వితీయోపదేశకాండము 21:1-9 చూడండి. పొలములో ఒక శవము కనబడినది, చంపినవాడు ఎవడో తెలియదు. పెద్దలును న్యాయాధిపతులును వచ్చి చుట్టునున్న పట్టణములకు దూరము కొలువవలెను. దగ్గర పట్టణపు పెద్దలు ఆ రక్తము నిమిత్తము దేవుని యెదుట నిలువవలెను. చనిపోయినవాని పేరైనను అక్కడ లేదు. అయినను విచారణ లేకుండ వానిని పూడ్చి వెళ్లిపోవుటకు ధర్మశాస్త్రము ఒప్పుకొనదు. డిటెక్టివ్ నవలకు మూలమైన నమ్మిక ఇదే. అయితే ఆ దూరము కొలిచే పెద్దలే ఒక పక్షము వారైనప్పుడు ఏమగును? మతశాఖల వైరము నడుమ సాగే ‘డిసొల్యూషన్’ నవల ఈ ప్రశ్ననే అడుగుచున్నది. దానిని సంస్కరణోద్యమ వారసులముగా పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. పరిశీలనకు అవసరము గనుక హంతకులెవరో చెప్పక తప్పదు. నవలను ముందుగా చదువగోరువారు గమనించగలరు.

చారిత్రక నేపథ్యము

శాన్సమ్ ఎడిన్‌బరోలో పుట్టి, చరిత్రలో డాక్టరేటు పొంది, తరువాత న్యాయవాదిగా పనిచేసిన రచయిత. 2003లో వెలువడిన ఈ నవల మాథ్యూ షార్డ్‌లేక్ అను న్యాయవాది కథలలో మొదటిది. శాన్సమ్ 2024 ఏప్రిల్‌లో మరణించారు. కొద్దిరోజులకే ఈ కథ ఆధారముగా తీసిన టెలివిజన్ ధారావాహిక ప్రసారమైనది.

కథాకాలము 1537. అప్పటికి మూడేండ్ల క్రితము, 1534లో, ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ పోపు అధికారమును త్రోసివేసి తానే సంఘమునకు శిరస్సునని చట్టము చేయించుకొన్నాడు. 1535లో మఠముల ఆదాయములన్నిటికి లెక్కలు తీయించారు. 1536లో ఏటా 200 పౌండ్లకు లోపు ఆదాయముగల చిన్న మఠములు రద్దయినవి. అదే ఏడు ఉత్తర ప్రాంతములో ప్రజలు తిరుగబడగా వారిని అణచివేశారు. పెద్ద మఠములను “తమంతట తామే” అప్పగించునట్లు చేయవలెనన్నది రాజమంత్రి థామస్ క్రామ్వెల్ ప్రణాళిక. 1540 నాటికి ఇంగ్లండులో ఒక్క మఠమును మిగలలేదు.

కథా సంగ్రహము

ససెక్స్ తీరమందలి స్కార్న్‌సీలో సెయింట్ డొనేటస్ మఠము ఉన్నది (ఇది కల్పితము). దానిని అప్పగింప జేయుటకు వెళ్లిన రాజకమిషనర్ రాబిన్ సింగిల్టన్ శిరచ్ఛేదమునకు గురియైనాడు. గజదొంగ హస్తమని భక్తులు నమ్మే పరిశుద్ధ అవశేషము కూడ మాయమైనది. సిలువపై యేసు ప్రక్కన పశ్చాత్తాపపడిన దొంగ చేయి అది (లూకా 23:39-43). అంగవైకల్యము గలవారిని బాగుచేయునని దానికి పేరు. విచారణకు క్రామ్వెల్ పంపిన షార్డ్‌లేక్ గూనివాడు. బాల్యములో గురువు కావలెనని ఆశించినవాడు. వంకర వీపు గలవాడు దేవుని స్వరూపమున లేడు గనుక గురువు కాజాలడని ఒక సన్యాసి అతని ముఖము మీదనే చెప్పినాడు. లేవీయకాండము 21:20ని కృప లేకుండ చదివితే పుట్టే గాయము ఇది. ఆ గాయముతోనే అతడు సంస్కరణ పక్షమున చేరినాడు. మఠముల ధనము బీదలకు చెందునని, అబద్ధము పోయి సత్యము నిలుచునని మనస్ఫూర్తిగా నమ్మినాడు.

మఠములో మరణములు ఆగవు. కొత్తగా చేరిన సైమన్ వెల్ప్‌లే అను బాలుడు విషప్రయోగమునకు బలియైనాడు. చేపల చెరువులో ఒక అనాథ యువతి శవము దొరికినది. భూముల విక్రయములను దాచిన లెక్కల పుస్తకము ఒకటి ఉన్నదని తెలిసినది. ఈ మరణములకు కారకుడు మఠపు కోశాధికారి బ్రదర్ ఎడ్విగ్. కాని సింగిల్టన్‌ను చంపినది వైద్యశాలలో పనిచేయు ఆలిస్ అను యువతి. రాణి ఆన్ బొలీన్‌తో వ్యభిచరించినట్లు ఒప్పుకొని 1536 మే 17న మరణశిక్ష పొందిన సంగీతకారుడు మార్క్ స్మీటన్ ఈమె ప్రియుడు. అతనిని హింసించి ఆ ఒప్పుకోలును రాబట్టినవారిలో సింగిల్టన్ ఒకడు. ఈ సంగతి ఆమెకు చేరవేసినది, లండన్ కోటలో స్మీటన్ ప్రక్క గదిలో బందీగానున్న వృద్ధ సన్యాసి జెరోమ్.

నాబోతు ద్రాక్షతోట

ఈ నవల సామాన్య డిటెక్టివ్ కథలకు భిన్నమగుట ఇక్కడనే. సాధారణముగా డిటెక్టివ్ నేరస్థుని కనుగొని అధికారులకు అప్పగించును, కథ ముగియును. ఇక్కడ ఇద్దరు హంతకులు దొరికినను మూడవ నేరము మిగిలియున్నది. దానిని చేసినవాడు, విచారణకు ఆజ్ఞ ఇచ్చినవాడు ఒక్కడే. షార్డ్‌లేక్ లండనుకు వచ్చి క్రామ్వెల్‌ను సూటిగా అడుగును. రాణిపై మోపిన నేరములు కల్పితములని, రాజునకు ఆమె అడ్డు తొలగవలసి యుండెనని క్రామ్వెల్ దాచకుండ చెప్పును. చరిత్రలో స్మీటన్‌ను నిజముగా హింసించినారా అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. అతనితోపాటు నిందితులైన తక్కిన నలుగురు మాత్రము నేరము ఒప్పుకొనలేదన్నది స్థిరము.

ఈ సన్నివేశము చదువుచుండగా మాకు 1 రాజులు 21వ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చినది. నాబోతు తోటను తీసుకొనుటకు యెజెబెలు సైన్యమును పంపలేదు. ఉపవాస దినము చాటింపజేసినది! దేవుని, రాజును దూషించెనను మతపరమైన నేరము మోపినది. ధర్మశాస్త్రము ఇద్దరు సాక్షులను కోరును గనుక సరిగా ఇద్దరినే నిలువబెట్టినది. అన్నియు శాస్త్రప్రకారమే జరిగినవి. సత్యము ఒక్కటే లేదు. ఇంగ్లండులోను అట్లే. గ్లాస్టన్‌బరీ మఠాధిపతి రిచర్డ్ వైటింగ్ 1539 నవంబరులో మరణశిక్ష పొందినాడు. క్రామ్వెల్ తన పనుల జాబితాలో ఆయన విచారణను, మరణశిక్షను ముందుగానే ఒకే వాక్యములో వ్రాసికొన్నాడు. ఇది నవల కాదు, చరిత్ర.

ప్రొటెస్టెంటు పాఠకులకు ఇది సులభముగా మింగుడుపడదు. ఆ క్రామ్వెలే 1538లో ప్రతి ఆలయములోను ప్రజల భాషలో బైబిలు ఉంచవలెనని ఆజ్ఞ ఇప్పించినాడు. మాతృభాషలో వాక్యము చదువుకొను మనము ఆ మేలును చిన్నదని అనలేము. మరి మేలైన ఉద్దేశమునకు అబద్ధ సాక్ష్యము పనిముట్టు కావచ్చునా? నిర్గమకాండము 20:16 మన పక్షము వారికి మినహాయింపు ఇచ్చుట లేదు. పొరుగువాడు మన శాఖ వాడై యుండవలెనని కూడ అక్కడ షరతు లేదు.

మా ఒప్పుకోలు

ఈ మాట ఇతరులకు చెప్పుటకు ముందు మా సంగతి చెప్పుట న్యాయము. సుమారు ఇరువది ఏండ్ల క్రితము సంఘ స్థలపు అద్దెల విషయమై ఒక కాపరిగారిపై వచ్చిన ఆరోపణను విచారించు కమిటీలో మేము సభ్యులము. ఆయన మా వర్గమువారు కారు. ఆయనను పిలిచి అడుగక మునుపే నివేదిక టైపు చేయబడి వచ్చినది. సంఘ క్షేమము కొరకే అని మాకు మేము చెప్పుకొని సంతకము చేశాము. ఏడాది తరువాత పాత లెక్కల పుస్తకము దొరికినది. అద్దె సొమ్ము పూర్తిగా జమయైయున్నది. అప్పటికి ఆయన ఊరు విడిచి వెళ్లిపోయారు. మేము వారి ఇల్లు వెదకికొని వెళ్లి క్షమాపణ అడిగినాము. ఆయన ప్రార్థన చేసి పంపించారు. అమ్మగారు మంచినీళ్లు ఇచ్చారు గాని ఒక్క మాటైనను మాటలాడలేదు. నవలలో దాచిన లెక్కల పుస్తకము బయటపడిన ఘట్టమునొద్ద మేము పుస్తకము మూసి చాలాసేపు కూర్చున్నాము.

శత్రుపక్షములో పొరుగువారు

నవలలో మా దృష్టికి మిక్కిలి విలువైన పాత్రలు రెండు. మొదటివాడు వైద్యుడైన బ్రదర్ గై. స్పెయిను దేశమందలి ముస్లిం కుటుంబ సంతతివాడు, నల్లని దేహచ్ఛాయ గలవాడు. శరీరమును బట్టి హేళన అనుభవించిన షార్డ్‌లేక్ కూడ మొదట అతని రంగు చూచి ఉలిక్కిపడును. తరువాత అతనిలోనే స్నేహితుని కనుగొనును. రెండవవాడు బ్రదర్ గేబ్రియల్. స్వలింగ వాంఛతో పోరాడినవాడని తెలిసి షార్డ్‌లేక్ అతనిని అసహ్యించుకొనును, హంతకుడు అతడేనని అనుమానించును. పైనుండి దొర్లించబడిన రాతిదిమ్మె పడబోగా షార్డ్‌లేక్‌ను నెట్టివేసి దాని క్రింద ప్రాణము విడిచినది ఆ గేబ్రియలే. యోహాను 15:13ను సంస్కర్తయైన షార్డ్‌లేక్ ఎవరి బ్రదుకులో చూచెనో గమనించండి. రచయిత ఇక్కడ ప్రసంగము చేయలేదు. అనుమానము ఎంత ఘోరముగా గురితప్పగలదో చూపి ఊరకున్నాడు.

లోపములు

మెచ్చుకొనుటతోపాటు కొన్ని లోపములను కూడ చెప్పవలెను.

మొదటిది, సంస్కరణకు ప్రాణమైన సువార్త ఈ పుటలలో దాదాపు వినబడదు. విశ్వాసమూలముగా నీతిమంతుడగుట అనునది ఇక్కడ ఒక పక్షపు నినాదమే. ఆ సత్యము కొరకు, వాక్యమును అనువదించినందుకు, 1536లో ప్రాణమిచ్చిన టిండేల్ వంటివారి ఆనందము నవలలో లేదు. మతమనగా భూముల పేరాశకు ముసుగు మాత్రమే అని పాఠకుడు తలంచు ప్రమాదమున్నది. ముసుగు ఉన్నదన్నది నిజమే, దాని వెనుక నిజమైన ముఖము కూడ ఉన్నది.

రెండవది, గై, గేబ్రియల్ వంటి కొద్దిమంది తప్ప సన్యాసులందరు లోభులు, క్రూరులు లేక పిరికివారు. మఠపు ద్వారమునొద్ద భిక్షకు నిలుచు బీదల విశ్వాసము ఎట్టిదో, మఠము పోయినప్పుడు వారేమైరో రచయిత తగినంతగా చూపలేదు.

మూడవది, ఆలిస్ ఫ్రాన్సుకు తప్పించుకొనిపోవుటను కథ కొంత సంతోషముతోనే చెప్పుచున్నది. ఆమె దుఃఖము న్యాయమైనదే. అయినను రోమా 12:19 ప్రకారము పగ తీర్చుకొనుట మన చేతిలో పెట్టబడలేదు. న్యాయస్థానము చెడినప్పుడు ఖడ్గమే గతి అనుటకు నవల జవాబు ఇవ్వలేదు, ప్రశ్నను జారవిడిచినది.

ముగింపు

దావీదునొద్దకు నాతాను వచ్చినాడు, అహాబునొద్దకు ఏలీయా వచ్చినాడు. వారికి దేవుని మాట ఉండెను. షార్డ్‌లేక్‌కు అట్టి మాట లేదు, తెలిసికొన్న నిజము మాత్రమే ఉన్నది. అతడు దానిని యజమాని ముఖము మీద చెప్పి ఆ యజమాని అనుగ్రహమును పోగొట్టుకొన్నాడు. చరిత్రలో క్రామ్వెల్ గతియేమైనదో మనకు తెలుసు. 1540 జూలై 28న, న్యాయస్థానములో తన వాదన వినిపించుకొను అవకాశము లేకుండనే, మతద్రోహముతో సహా పలు నేరములు మోపబడి అతడు శిరచ్ఛేదము పొందినాడు. మత్తయి 7:2 ఎంత ఖచ్చితమైన మాట!

మన సంఘములలో ఆస్తుల తగవులు, ఎన్నికల పక్షములు, కోర్టు వ్యాజ్యములు కొరవడలేదు. ఎదుటి పక్షపు తప్పులు వెదకుటకు మనకు డిటెక్టివులు చాలమంది దొరుకుదురు. సొంత పక్షపు పుస్తకములు తెరచి చూచువారు అరుదు. అట్టి పని నేర్చుకొనగోరు విద్యార్థులకు, సంతకము చేయుటకు ముందు అవతలివాని మాట వినగోరు తోటి కాపరులకు ఈ నవలను మేము సిఫారసు చేయుచున్నాము. దిండు క్రింద దాచి చదువవలసిన పని లేదు.